మెఱుగులో తఱుగు

విజయవాడలో ఏ బహుళాంతస్తుల భవనమునొద్దకైనను తెల్లవాఱుజామున అయిదు గంటలకు పోయి నిలుచున్నచో ఒక దృశ్యము తప్పక కనబడును. క్రింది అంతస్తున వరుసగా నిలిపిన కార్ల నడుమ వాచ్‌మన్ ఒక బకెట్టు నీళ్లును, ఒక పాతగుడ్డను చేతబట్టుకొని తిరుగుచుండును. గుడ్డను ముంచి, పిండి, టాపుమీద నాలుగు చుట్లు, బానెట్టుమీద నాలుగు చుట్లు, తలుపులమీద తలకొక చుట్టు త్రిప్పి, మరల ఆ నీటిలోనే జాడించి ప్రక్క కారునొద్దకు పోవును. పది కార్లకును నీరు ఒక్కటే, గుడ్డ ఒక్కటే. యజమానులు దిగివచ్చు వేళకు కార్లన్నియు తడితడిగా మెఱయుచుండును. ఎవరికిని ఏ ఫిర్యాదును ఉండదు, ఎండ ఎక్కునంతవఱకు.

ఎండ ఎక్కిన పిమ్మట నల్లని కారు బానెట్టుమీద సూర్యబింబము ప్రతిఫలించు చోటును చూడవలెను. బింబము చుట్టును వెండిపోగులతో అల్లిన సాలెగూడువలె సన్నని వలయములు వందలకొలది మెఱయును. చూచువాడు ఒక అడుగు ప్రక్కకు జరిగినచో సాలెగూడును వానితోబాటు జరుగును. నీడలోనికి నడిపించినచో మాయమగును.

విశ్రాంత ప్రధానోపాధ్యాయులొకరు తమ కారుమీద ఈ సాలెగూటిని చూచి మిక్కిలి కష్టపెట్టుకొనిరి. ఉద్యోగ విరమణ సమయమున చేతికందిన సొమ్ములో కొంత వెచ్చించి కొన్న కారు అది. కొని ఆఱు సంవత్సరములే అయినది. ఒక్క ఉదయమైనను తుడిపింపక విడిచినది లేదు. వీధిలో చెట్టుక్రింద ధూళి కప్పుకొని పడియుండు పొరుగువారి కారుమీద ఇన్ని గీతలు లేవు. అడుగడుగున కాపాడుకొన్న తమ కారుమీదనే ఉన్నవి. రంగు నాసిరకమైనదేమో యని మొదట తలచిరి. తరువాత అనుమానము వాచ్‌మన్‌మీదికి పోయినది. గుడ్డలో రాళ్లు పెట్టి తుడుచుచున్నావా యని మందలించి, నెలకిచ్చు కొలది వందల రూపాయలు ఇక నీయనని కూడ అనిరి. తుదకు తెలిసినవారెవరో చెప్పగా, ఆటోనగరు దారిలో కార్లకు మెఱుగుపెట్టు ఒక షెడ్డునకు బండిని తీసికొనిపోయిరి.

షెడ్డు నడుపు యువకుడు రంగును గుఱించి ఒక్క ప్రశ్నయు వేయలేదు. "రోజూ తుడిపిస్తారా?" అని మాత్రము అడిగెను. అవునని మాష్టారు కొంత గర్వముతోనే చెప్పిరి. అతడు చేతిటార్చిని బానెట్టుకు దగ్గరగా పట్టి అటునిటు కదల్చి చూచి, "ఇది తుడవక పాడైన కారు కాదు మాష్టారూ. తుడిచి పాడైన కారు" అనెను.

ఆ మాట పరిహాసమునకు అన్నది కాదు. మన వీధుల ధూళిలో ఇసుకపొడి పాలు ఎక్కువ. ఇసుకలో ప్రధానమైనది క్వార్ట్జు అను ఖనిజము. ఖనిజముల కాఠిన్యమును పోల్చుటకు 1812లో ఫ్రెడరిక్ మోస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు పది మెట్ల కొలత నొకదానిని ఏర్పఱచెను. పిల్లలు పలకమీద వ్రాయు బలపపు రాతికి మూలమైన టాల్కు దానిలో మొదటి మెట్టు, వజ్రము పదవది, క్వార్ట్జు ఏడవది. ఇనుపమేకును గీయగల శక్తి దానికి కలదు. ఇక నేటి కారు పైపొర చూడబోయిన ఒక జాతి ప్లాస్టికు మాత్రమే. తడిగుడ్డ మడతలో చిక్కిన ఇసుకరేణువు ఆ పొరమీద ఉలివలె పనిచేయును. ఒక్క ఉదయమున పడిన గీత కంటికానదు. ఆఱు సంవత్సరముల ఉదయములు రెండువేలకు పైబడును. ధూళి పేరుకొని ఊరకున్న కారు మురికిగా నుండునే గాని గీతలు పడదు. గీత పడుటకు ధూళి చాలదు; దానిని అదిమి ఈడ్చు చేయి కావలెను. (పక్షిరెట్టలు, చెట్టుబంక చేయు హాని వేఱు. వానిని ఎండకు ఆఱనిచ్చినచో పొరను తినివేయును. కావున పొరుగువారి కారు సుఖముగా నున్నదని అనుకొనరాదు.)

అయినచో గీతలు వలయములుగా నేల కనబడుచున్నవి? వాచ్‌మన్ గుడ్డను గుండ్రముగా త్రిప్పుటచేత నని చాలమంది తలంతురు. అతడు త్రిప్పుట నిజమే. కాని వలయములకు కారణము అది కానక్కఱలేదు. నిలువు, అడ్డము, ఏటవాలు అను నియమము లేక వేలకొలది తిన్నని గీతలు పడినను, వెలుగు చుట్టును వలయములే కనబడును. ప్రతి గీతయు ఒక సన్నని కాలువ. ఆ కాలువ గోడ ఒక చిన్న అద్దము. అది తనమీద పడిన వెలుగును తన పొడవువెంట గాక ప్రక్కలకు చిమ్మును. బింబమునకు అడ్డముగా పడియున్న గీతలు చిమ్మిన వెలుగు మన కంటికి చేరును. బింబమువైపునకే చూచుచున్న గీతల వెలుగు మఱియొక దిక్కునకు పోవును. అవి మనకు లేనట్లే. ఇట్లు బింబమునకు అన్ని ప్రక్కలను అడ్డుగీతలు మాత్రమే వెలుగుటచేత, వృత్తమునకు స్పర్శరేఖలు గీచినట్లు ముక్కలన్నియు కలిసి చక్రముగా తోచును. బింబము కదలినచో మఱికొన్ని గీతలకు ఆ అదృష్టము పట్టును.

దీనిని తరగతిలో చూపుటకు కారు అక్కఱలేదు. ఏండ్లతరబడి పీచుతో తోమిన స్టీలుపళ్లెము నొకదానిని ఎండలోనో బల్బు క్రిందనో పట్టిన చాలును. పళ్లెమును గిరగిర త్రిప్పినను వలయములు తిరుగవు. బల్బును కదపినచో కదలును. ఆకురాలిన చెట్టుకొమ్మల వెనుక వీధిదీపము వెలుగుచుండగా, వాన వెలిసిన రాత్రి చూచినవారికి ఈ చిత్రమే ఆకాశమున కనబడును. కొమ్మలన్నియు దీపము చుట్టును గూడు కట్టినట్లుండును.

తెల్లకారు గలవారు తమ బండిమీద గీతలు లేవని సంతోషింతురు. గీతలు అంతే ఉండును. తెల్లరంగు తానే నలుప్రక్కలకు వెలుగు చిమ్ముచుండుటచేత గీత చిమ్మిన కొంచెము వెలుగు దానిలో కలిసిపోవును. నలుపు మ్రింగివేయును గనుక దానిమీద ప్రతి గీతయు నల్లబల్లమీద సుద్దగీతయే.

సరే, పడిన గీతలను పోగొట్టుట ఎట్లు? మైనము పూసి పూడ్చవచ్చునని తోచును. పూడ్చువారును కలరు, వారి సంగతి ముందు వచ్చును. నిజముగా పోగొట్టుటకు ఒక్కటే మార్గము: గీత అడుగు ఎంత లోతున నున్నదో, చుట్టునున్న తలమును అంతవఱకు అఱగదీయుట. గుంటను పూడ్పక మిట్టనే దించవలెను. ఆ అఱగదీయుటయు గీతలతోనే జరుగును. కారు పాలిషులో నుండునది అల్యూమినా పొడి. మోస్ కొలతలో దాని మెట్టు తొమ్మిదవది, ఇసుకకంటె రెండు మెట్లు పైన. ముల్లును ముల్లుతోనే తీయవలె నను మాట ఇక్కడ అక్షరాల నిజము. ఈ రెండవ ముల్లు మాత్రము ఎంతో సన్ననిది.

ఈ రహస్యమును న్యూటన్ మహాశయుడు 1704లో వెలువరించిన 'ఆప్టిక్స్' గ్రంథముననే వివరించెను. గాజును ఎంత మెత్తని పొడితో రుద్దినను దానిమీది గీతలు సంపూర్ణముగా పోవు. పొడి ఎంత సన్ననిదైన గీతలు అంత సన్ననివగును. తుదకు కంటికి ఆననంత సన్ననివి మిగులును. దానికే మనము మెఱుగని పేరు పెట్టుదుమని ఆయన వివరణ సారాంశము. కంటికి కనబడు వెలుగు తరంగముల పొడవు మిల్లిమీటరులో వేయింటనొక వంతు కంటెను తక్కువ, సుమారు దానిలో సగము. గీతలు అంతకంటె మిక్కిలి చిన్నవైనచో వెలుగు వానిని గుర్తింపదు. గీత పోలేదు, వెలుగు దృష్టినుండి జాఱినది.

అఱగదీయుట అన్నప్పుడు తఱుగు తప్పదు. కంసాలి అంగడికి పోయిన ప్రతివారికిని తెలిసిన మాట అది. నగకు నగిషీ పెట్టినప్పుడెల్ల కొంత బంగారము రాలును. బంగారపు తఱుగును లెక్కగట్టి రసీదులో వ్రాయుదురు గాని కారు తఱుగును వ్రాయువారు లేరు. అసలు మన భాషలో మెఱుగుపఱచుట అనగా బాగుచేయుట అను అర్థము స్థిరపడినది. మెఱుపునకు, మెఱుగునకు చుట్టఱికమున్నది. మెఱసినది మేలైనదే యను నమ్మకము మాటలోనే పాతుకొనిపోయినది. ఈ నమ్మకమే కార్లకు చేటు తెచ్చుచున్నది.

మాటల ప్రసక్తి వచ్చినది గనుక ఒకటి చెప్పవలెను. కారు రంగుల వ్యవహారములో లాకరు అను పదము తఱచుగా వినబడును. ఆ ఇంగ్లీషు మాటకు మూలము పోర్చుగీసుల మీదుగా పోయిన మన లక్కయే, సంస్కృతమున లాక్ష. ఏటికొప్పాక బొమ్మలమీద అంకుడు కఱ్ఱకు నిగనిగ తెచ్చు లక్క పేరే ఓడలెక్కిపోయి కారుమీద వ్రాలినది. వస్తువు మాత్రము లక్క కాదు. కార్లు పుట్టిన తొలినాళ్లలో గుఱ్ఱపుబండ్లకు వేయు వార్నీషునే వేసెడివారు. పూతలన్నియు ఆఱుటకు వారములు పట్టెడిది. 1914 మొదలు 1925 వఱకు ఫోర్డు మోడల్ టి కార్లు నల్లరంగున మాత్రమే వెలువడినవి. తరువాత డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అను పేర నైట్రోసెల్యులోజు లాకరును తయారుచేసెను. 1923లో జనరల్ మోటార్సువారు తమ ఓక్‌లండ్ కార్లకు దానిని వేయించిరి. త్వరగా ఆఱునది, ఎన్నియో రంగులలో దొరకునది యగుటచే అది లోకమంతట వ్యాపించినది. మన ఊళ్లలో కార్లకును, బీరువాలకును వేయు రంగును డ్యూకో యని నేటికిని అనువారున్నారు.

పాతకాలపు కార్లలో రంగు, మెఱుగు ఒక్క పొరలోనే ఉండెడివి. 1958 మొదలు 2014 వఱకు తయారైన అంబాసిడరు కార్లలో పాతవానికి పాలిషు పెట్టిన డ్రైవర్లకు ఇది తెలియును. గుడ్డకు కారు రంగే అంటుకొనెడిది. నేటి కార్లలో సాధారణముగా రంగుపొర అడుగున నుండును. దానిమీద రంగులేని పారదర్శకమైన పొర యుండును. దానిని క్లియర్‌కోటు అందురు. గుడ్డకు రంగు అంటదు. అంటకపోవుటచేత ఏమియు పోవుటలేదను భ్రాంతి కలుగును.

ఆ పొర మందము ఎంత? మైక్రాను అనగా మిల్లిమీటరులో వేయింటనొక వంతు. తలవెండ్రుక మందము సుమారు డెబ్బది మైక్రానులు. కారు రేకుమీద తుప్పు పట్టకుండ వేయు పూత, ప్రైమరు, రంగు, క్లియర్‌కోటు అన్నియు కలిపి నూఱు మొదలు నూటముప్పది మైక్రానుల వఱకు ఉండుట సామాన్యము. అందు పైపొర వాటా నలుబది, ఏబది. అనగా వెండ్రుకకంటె పలుచనైన ఈ తెరయే ఎండనుండి రంగును కాపాడవలెను. సూర్యునిలోని అతినీలలోహిత కిరణములను పీల్చు పదార్థములను దానిలోనే కలిపియుందురు. మితిమీఱి పలుచనైనచో కొన్ని వేసవులకు అది తెల్లబాఱి పొలుసులుగా లేచును. అప్పుడు పాలిషు పనికిరాదు. మఱల రంగు వేయవలసినదే.

షెడ్డులోని యువకుడు ఒక చిన్న యంత్రమును రేకుమీద అక్కడక్కడ ఆనించి అంకెలు చదివెను. పూత మందమును కొలుచు గేజి అది. ఇనుపరేకుమీద పనిచేయునే గాని ప్లాస్టికు బంపరుమీద పనిచేయదు. టాపుమీద 121, తలుపులమీద 115, 118. బానెట్టుమీద మాత్రము 104. "దీనికి ఇదివరకు పాలిష్ పట్టించారా?" అని అడిగెను. సర్వీసింగునకు ఇచ్చినప్పుడు రెండు పర్యాయములు ఉచితముగా బానెట్టు మెఱిపించి యిచ్చిరని మాష్టారు జ్ఞప్తికి తెచ్చుకొనిరి. ఉచితమన్నప్పుడు సంతోషించిన మాట కూడ నిజమే.

గేజి చూపునది మొత్తము మందము మాత్రమే. తఱిగినది ఏ పొరయో అది చెప్పజాలదు. ఫ్యాక్టరీలోనే పూత హెచ్చుతగ్గులుగా పడుట కలదు. అయినను తఱుగుట పైనుండియే గదా. ఇంతకు ముందే పదునాలుగో, పదునైదో మైక్రానులు పోయియుండినచో, ఆ పొరకు మిగిలిన ఆస్తి ఎంత? సాలెగూటిని పూర్తిగా తీయుటకు ముదుక పాలిషుతో ఇంకను రెండు మూడు మైక్రానులు, ఒక్కొక్కచోట అంతకు మించియు, తీయవలసియుండును. తీయుట అతనికి చేతగానిది కాదు. రెండింతలు డబ్బు పుచ్చుకొని అద్దమువలె చేసి పంపించువారు అదే వీధిలో లేకపోలేదు.

"బానెట్టు మీద నూటికి అరవై, డెబ్బై పోగొడతాను. మిగతా చోట్ల ఇంకా బాగా వస్తుంది" అని అతడు చెప్పెను.

"మిగిలినవి?"

"మిగలనివ్వండి మాష్టారూ. ఇంకో పదేళ్లు ఎండ కాయాల్సింది ఆ పొరే."

మాష్టారు కొంతసేపు ఏమియు అనలేదు. గీతలన్నియు పోవుననియే వచ్చిరి. ఎడమ వెనుక తలుపుమీద స్కూటరు హ్యాండిలు గీచిన గీతను చూపి, ఇదియైన పోవునా యని అడిగిరి. యువకుడు గోటిని గీతకు అడ్డముగా జరపెను. గోరు తగిలి ఆగినది. గోటికి తగులు గీతను పాలిషుతో తీయబోయిన పొర తెగునని ఈ పనివారందఱకును తెలిసిన పరీక్ష. దాని అంచులను కొంత మెత్తబఱచుటకు మాత్రము ఒప్పుకొనెను.

పని రెండు దినములు పట్టినది. మొదటి దినమున పాలిషు ఊసే లేదు. ముందు పైపుతో ధూళి జాఱిపోవునట్లు నీరు కొట్టి, షాంపూ నుఱుగు పట్టించి నానబెట్టిరి. తరువాత రెండు బకెట్లు: ఒకదానిలో షాంపూనీరు, ఒకదానిలో వట్టినీరు. తుడిచిన మెత్తని చేతితొడుగును వట్టినీటిలో జాడించిన పిమ్మటనే షాంపూనీటిలో ముంచవలెను. టాపునుండి మొదలిడి క్రిందికి దిగవలెను. చక్రముల తొడుగు వేఱుగా నుండవలెను. కడిగిన కారును చేతితో తడిమిన నున్నగానే తోచును. యువకుడు మాష్టారి చేతికి పలుచని పాలిథీను సంచిని తొడిగి తడుముమనెను. వ్రేళ్లక్రింద గరుకు తెలిసినది! బ్రేకులనుండి రాలిన ఇనుపరజను, గాలిలోని మాలిన్యము పొరలో గ్రుచ్చుకొని కడుగుటకు లొంగక నిలిచియుండును. బంకమట్టివంటి ముద్దను నీటిజారుమీద మెల్లగా నడపి దానిని ఎత్తివేసిరి. ఇది చేయక పాలిషు పట్టినచో ఆ ఇనుపరజనే యంత్రము క్రింద పడి క్రొత్త గీతలు గీయును.

రెండవ దినమున అంచులకు, రబ్బరుపట్టీలకు టేపు అంటించిరి. అంచులవద్ద పూత పలుచన. యంత్రము అచ్చట నిలిచినచో క్షణములో రంగు బయటపడును. యంత్రములు రెండు రకములు. ఒకటి ఇరుసుమీద గిరగిర తిరుగునది. దాని కోత చుఱుకు, వేడిమి హెచ్చు. చేయి తిరుగనివారు పట్టినచో నీడలు తేలినట్లు దాని తిరుగుడు జాడలు మిగులును. రెండవది తనచుట్టు తాను తిరుగుచు ఒక చిన్న కక్ష్యలోను తిరుగునది. భూగోళ పాఠము చెప్పినవారికి దీనిని వేఱుగ వివరింపనక్కఱలేదు. ఒకే దారిలో రెండుమార్లు పోదు గనుక వేడిమి తక్కువ. బానెట్టుమీద జానెడు మేర ఎంచుకొని, ఉన్నవానిలో మెత్తని స్పాంజితోను, సన్నని పాలిషుతోను మొదలిడెను. చాలకున్న ఒక మెట్టు గట్టిదానికి పోవలెను. మొదటనే గట్టిదానితో దిగరాదు. యంత్రమును అడ్డముగా, నిలువుగా, దుక్కి దున్నినట్లు నెమ్మదిగా నడపెను. భుజములు వణకుచున్నను వేగము మారలేదు. తరువాత ఆల్కహాలు తడిపిన గుడ్డతో నూనెజిడ్డు పోవునట్లు తుడిచి, టార్చి వేసి చూచెను.

ఆల్కహాలు తుడుపు చిన్న పనియే గాని నిజాయితీ యంతయు అందులోనే యున్నది. పాలిషులోని నూనెలును, కొన్ని పూతలును గీతల గుంటలను నింపి తాత్కాలికముగా దాచును. అప్పగించునాడు కారు అద్దమువలె నుండును. నాలుగు కడుగుళ్లకు సాలెగూడు తిరిగివచ్చును. కొనువాడు మఱల తన వాచ్‌మన్‌నే తిట్టును.

ఈ అంగళ్లలో నేడు మిక్కిలిగా వినబడునది సెరామిక్ కోటింగు. సిలికా సంబంధమైన పలుచని పూత అది. నీరు ముత్యములవలె జాఱును, మురికి తేలికగా వదలును. ఈ సుగుణములు నిజమే. దాని కాఠిన్యము తొమ్మిది 'హెచ్' అని ప్రకటనలలో వ్రాయుటను చూచి, మోస్ కొలతలో తొమ్మిదవ మెట్టనియు, ఇక ఇసుక ఏమియు చేయజాలదనియు అనేకులు మోసపోవుచున్నారు. ఆ తొమ్మిది పెన్సిళ్ల కొలత. చిత్రలేఖనమునకు వాడు పెన్సిళ్లలో గట్టిదైన తొమ్మిది హెచ్ పెన్సిలు దానిని గీయలేదని మాత్రమే దాని అర్థము. రెండు తొమ్మిదులకును నడుమ ఎంతో దూరమున్నది. మాష్టారు దానిని వేయించుకొనలేదు. బ్రెజిలు దేశపు తాటిజాతి చెట్టు ఆకులనుండి తీయు కార్నూబా మైనమును పూయించుకొని తృప్తిపడిరి. అదియు కొలది నెలల ముచ్చటయే.

కారును ఎండలోనికి తెచ్చి చూపినప్పుడు తలుపులలో ఎదుటి షెడ్డుమీది అక్షరములు తలక్రిందులు కాకుండ, వంకర పోకుండ కనబడినవి. బానెట్టుమీద సూర్యునిచుట్టు పలుచని గూడు మిగిలియే యున్నది. స్కూటరు గీతయు ఉన్నది. ఇక మీదట ధూళిని గుడ్డతో తుడువవలదనియు, వారమునకొకమారు పైపు, రెండు బకెట్లు పెట్టి కడిగించుమనియు యువకుడు చెప్పి పంపెను.

మఱునాటి ఉదయమున మాష్టారు వాచ్‌మన్‌ను పిలిచి, తప్పు గుడ్డది గాని నీది కాదని చెప్పి, రెండు బకెట్ల పద్ధతిని పాఠముగా బోధించిరి. అతడు ఓపికగా వినెను. "పది కార్లు మాష్టారండీ. బండికి రెండంటే ఇరవై బకెట్లు. పైన ట్యాంకులో నీళ్లు ఎవరు పోస్తారండి? ఏడింటికల్లా అన్నీ అవ్వాలి కదండీ" అనెను. మాష్టారివద్ద దానికి సమాధానము లేకపోయెను. భవన సంఘములో ఆ విషయమును ప్రస్తావించిరి. వేసవి నీటి కొఱతను గుఱించి చర్చ జరిగి అక్కడికి ముగిసినది.

చివరకు వారిద్దఱకును ఒక ఒడంబడిక కుదిరినది. ఆఱు దినములు మాష్టారి కారు రేకును ముట్టకుండ అద్దములు, చక్రములు మాత్రము తుడుచుట, ఆదివారమున ఇద్దఱును కలిసి కడుగుట, నెలజీతము యథాప్రకారము. మిగిలిన తొమ్మిది కార్లకును ఒకటే బకెట్టు, ఒకటే గుడ్డ. ఒక్కదినము తుడువకున్నను ఆ యజమానులు జీతములో కోత పెట్టుదురు.

గురువారము నాటికి నల్లకారుమీద ధూళి బాగుగా కనబడును. మూడవ అంతస్తువారు లిఫ్టు దిగి దానిని చూచి, "ఏమండీ మాష్టారూ, మీ బండి తుడవడం మానేశాడా వీడు?" అని అడుగుచుందురు.